అప్పుల్లో ఉండి దశమభాగం ఇవ్వకపోతే దేవుణ్ణి దోచుకున్నట్టేనా?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. జీతం 24 వేలు. మా ఆయన క్యాబ్ నడుపుతారు. డీజిల్, కిస్తీ పోను నెలకి 15 వేల దాకా మిగులుతుంది. ఇద్దరు పిల్లలు. మావయ్య గారి గుండె ఆపరేషన్‌కి బయట లక్షా ఎనభై వేలు అప్పు తెచ్చాం, నూటికి రెండు రూపాయల వడ్డీ. ఆయన మందులకి నెలకి మూడున్నర వేలు. పెళ్ళికి ముందు నుంచీ నేను దశమభాగం, అంటే జీతంలో పదో వంతు, సంఘానికి ఇస్తున్నాను. అప్పయ్యాక మా ఆయన కొన్నాళ్ళు ఆపమన్నారు. ఆపానని చెప్పి, ఆయనకి తెలియకుండా ఇస్తూనే ఉన్నాను. ఈమధ్య కానుక కవరు ఆయన కంటపడింది, ఇంట్లో పెద్ద గొడవైంది. దీనికి తోడు ఉజ్జీవ కూటాల్లో కొత్త మందిరం కోసం చేతులెత్తమంటే, యాభై వేలు ఇస్తానని చెయ్యెత్తాను. ఇప్పుడు బాకీ ఉన్నవాళ్ళ పేర్లు ఆదివారం ఆరాధనలో చదువుతున్నారు. దశమభాగం ఇవ్వకపోతే దేవుని సొమ్ము దొంగిలించినట్టేనని, మొక్కుకుని చెల్లించకపోతే ఇంటి మీదికి శాపం వస్తుందని ప్రసంగంలో చెప్పారు. పాపకి జ్వరం వస్తే అందుకేనేమో అని భయమేస్తోంది. నా గొలుసు తాకట్టు పెట్టి ఆ యాభై వేలు కట్టేయమంటారా? దశమభాగం ఆపితే పాపమా?
— ఒక సోదరి

సమాధానం:

అమ్మా, వందనాలు. ముందు మీ మనసులో అన్నిటికంటే బరువుగా ఉన్నదాని గురించి చెప్తాను. మీ పాపకి జ్వరం వచ్చింది మీరు యాభై వేలు కట్టనందుకు కాదు. మీరు నర్సు, జ్వరాలు ఎందుకొస్తాయో నాకంటే మీకే బాగా తెలుసు. పిల్ల ఒళ్ళు కాలుతుంటే తల్లి చేత లెక్కలు వేయించే దేవుడు కాదు యేసుక్రీస్తు తండ్రి. ఆ భయాన్ని మీలో ఎవరు పెట్టినా, అది సువార్తలో నుంచి వచ్చింది కాదు. గొలుసు తాకట్టు పెట్టకండి. ఎందుకు వద్దంటున్నానో వివరంగా చెప్తాను. మీరు వాక్యం తెలిసిన మనిషి కాబట్టి వాక్యంలో నుంచే చెప్తాను.

మీకు చదివి వినిపించింది బైబిల్లో మలాకీ గ్రంథం 3వ అధ్యాయం. "మానవుడు దేవుని యొద్ద దొంగిలునా?" అన్న మాట అక్కడ ఉంది, కాదనను. కానీ ఈసారి అదే అధ్యాయం 5వ వచనం నుంచి చదవండి. కూలివాళ్ళ కూలి ఎగ్గొట్టేవాళ్ళ మీద, విధవరాళ్ళనూ తండ్రి లేనివాళ్ళనూ బాధపెట్టేవాళ్ళ మీద, పరదేశులకు అన్యాయం చేసేవాళ్ళ మీద తానే సాక్షిగా నిలబడతానని దేవుడు అంటున్నాడు. దశమభాగం మాట ఆ తరువాత వస్తుంది. మొదటి రెండు అధ్యాయాల్లో గద్దింపు ఎక్కువగా యాజకులకే. ఈ పుస్తకంలో నుంచి దశమభాగం తెమ్మనే ఒక్క 10వ వచనం తీసి, దాన్ని అప్పులో ఉన్న నర్సు ముందు పెట్టి మిగతాది మూసేయడం నాకు న్యాయంగా కనిపించదు.

అసలు ఆ పదో వంతు ఏమయ్యేది? అది ధాన్యం, ద్రాక్షారసం, నూనె, పశువులు. "నా మందిరములో ఆహారముండునట్లు" అని మలాకీలోనే ఉంది. భూమి పంచుకున్నప్పుడు గుడిలో సేవ చేసే లేవీయులకి వాటా రాలేదు కాబట్టి వాళ్ళు బతికేది దాని మీదే. వాళ్ళకి అందకపోతే ఏమైందో నెహెమ్యా 13లో ఉంది: గుడిలో సేవ వదిలేసి ఎవరి పొలానికి వాళ్ళు వెళ్ళిపోయారు. ఇక ద్వితీయోపదేశకాండం 14 చదివితే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. మూడేళ్ళకోసారి ఆ పదో వంతుని ఊళ్ళోనే ఉంచాలి. లేవీయుడు, పరదేశి, తండ్రి లేని పిల్లలు, విధవరాలు వచ్చి దాన్ని కడుపునిండా తినాలి. అంటే దశమభాగం ఎవరి కోసం పెట్టారో ఆ జాబితాలో ఇబ్బందుల్లో ఉన్న కుటుంబం ఉంది. మీ ఇల్లు ఇప్పుడు ఆ వరసలో ఉంది. ఈ సంగతి మీకు ఎవరూ చెప్పి ఉండరు, అందుకే ఇంత వివరంగా చెప్తున్నాను.

క్రొత్త నిబంధనలో అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘంవాళ్ళ దగ్గర చందా అడిగాడు. యెరూషలేములో ఆకలితో ఉన్న విశ్వాసుల కోసం గట్టిగానే అడిగాడు. అయినా పదో వంతు అన్న లెక్క ఎక్కడా పెట్టలేదు. "సణుగుకొనకయు బలవంతముగా కాకయు ప్రతివాడును తన హృదయములో నిశ్చయించుకొనిన ప్రకారము ఇయ్యవలెను" అన్నాడు. అంతకుముందు అధ్యాయంలోనే, మనిషి దగ్గర ఉన్నదాన్ని బట్టి ఇచ్చింది అంగీకారమని, లేనిదాన్ని బట్టి కాదని రాశాడు. వేరేవాళ్ళకి తేలికై మీకు భారం కావాలని నా ఉద్దేశం కాదు అని కూడా అన్నాడు. పదో వంతు ఇచ్చే అలవాటు మంచిదే. చాలామంది విశ్వాసులకి అది డబ్బు మీద ఆశ పెరగకుండా కాపాడే క్రమశిక్షణ. చేతిలో ఉన్నవాడు పదితో ఆగకుండా ఇంకా ఇవ్వాలని కూడా నేనంటాను. కానీ దాన్ని కట్టకపోతే శిక్ష పడే పన్నుగా మార్చడానికి మనకి అధికారం లేదు.

ఇప్పుడు మొక్కుబడి సంగతి. ఇది మిమ్మల్ని ఎక్కువ పట్టి పీడిస్తోందని ఉత్తరంలోనే తెలుస్తోంది. మొక్కుకుని చెల్లించకపోవడం కంటే మొక్కుకోకపోవడమే మేలని ప్రసంగి గ్రంథం 5వ అధ్యాయంలో ఉంది. నిజమే, మాట ఇస్తే నిలబెట్టుకోవాలి. కానీ మొక్కుబడుల గురించి ధర్మశాస్త్రం వివరంగా చెప్పింది లేవీయకాండం 27లో. అక్కడ 8వ వచనం ఇప్పుడే తీసి చదవండి. మొక్కుకున్నవాడు ఆ వెల చెల్లించలేనంత బీదవాడైతే, అతణ్ణి యాజకుడి ముందు నిలబెట్టాలి. యాజకుడు అతని కలిమిని చూసి, అతను ఇవ్వగలిగినంతే నిర్ణయించాలి. చూశారా? బీదవాడి మొక్కుని తగ్గించడం యాజకుడి బాధ్యత. పేరు చదివి నలుగురిలో నిలబెట్టమని అక్కడ లేదు. అదే గ్రంథంలో 5వ అధ్యాయంలో గొర్రె తేలేనివాడు రెండు గువ్వలు తేవచ్చు, అవి కూడా లేనివాడు కాస్త పిండి తేవచ్చు. యేసు పుట్టినప్పుడు యోసేపు, మరియ మందిరానికి తెచ్చింది బీదవాళ్ళు తెచ్చే ఆ పక్షుల అర్పణే. ఎవరూ వాళ్ళని తిప్పి పంపలేదు.

పైగా మీరు చెయ్యెత్తింది ఎలాంటి క్షణంలో? వాయిద్యాలు మోగుతున్నాయి, చుట్టూ అందరూ చేతులెత్తుతున్నారు, పక్కన భర్త లేరు. ఆ క్షణంలో మీ ప్రేమ నిజమే. కానీ మీరు ఇస్తానన్న యాభై వేలు మీ దగ్గర లేవు. మీ దగ్గర ఉన్నది అప్పు. ఉన్నదాంట్లో నుంచి ఇస్తే కానుక, అప్పిచ్చినవాడి డబ్బు తెచ్చి ఇస్తే అది మీ కానుక ఎలా అవుతుంది?

ఒక్కసారి కాగితం మీద వేసి చూద్దాం. లక్షా ఎనభై వేలకి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి 3,600, ఏడాదికి 43,200. అసలులో ఒక్క రూపాయి తగ్గకుండా అంత పోతోంది. మీ దశమభాగం 2,400. అది కొన్నాళ్ళు అసలుకి కడితే ఏడాదిలో 28,800 తీరుతుంది, దాని మీద వడ్డీ కూడా తగ్గుతుంది. అదే ఇప్పుడు యాభై వేలు ఇంకో చోట అదే వడ్డీకి తెస్తే నెలకి వెయ్యి అదనం. గొలుసు బ్యాంకులో పెడితే వడ్డీ తక్కువే కావచ్చు, కానీ వడ్డీ కట్టలేక వేలానికి పోయిన నగలు నేను చాలా చూశాను. గొలుసు పెట్టాల్సిన అవసరమే వస్తే, దాన్ని ఈ రెండు రూపాయల అప్పు తీర్చడానికి వాడుకోవడం గురించి మీరిద్దరూ కూర్చుని ఆలోచించండి. మందిరం గోడల కోసం మాత్రం వద్దు.

మావయ్య గారి మందుల డబ్బుని మీరు ఇంటి ఖర్చుల్లో వేశారు. దాన్ని అక్కడ నుంచి తీసి కానుకల్లో వేయండి. మార్కు 7లో యేసు పరిసయ్యుల మీద కోప్పడింది సరిగ్గా ఈ విషయంలోనే. తల్లిదండ్రులకి ఇవ్వాల్సినదాన్ని 'కొర్బాను', అంటే దేవుడికి ఇచ్చేశాను అని చెప్పి, వాళ్ళకి ఏమీ చేయకుండా తప్పించుకుంటున్నారు. అలా చేసి దేవుని ఆజ్ఞని కొట్టేస్తున్నారన్నాడు. సొంత ఇంటివాళ్ళని చూసుకోనివాడు విశ్వాసాన్ని వదిలేసినట్టేనని పౌలు తిమోతికి రాశాడు. మీరు నెలనెలా ఆ మూడున్నర వేలు పెట్టి మందులు కొని, టైముకి ఇచ్చి, మామగారిని కాపాడుకుంటున్నారు. నా దృష్టిలో మీరు ఇప్పటికే పదో వంతు దాటి ఇస్తున్నారు.

బైబిల్లో బీద విధవరాలు మందిరం కానుకపెట్టెలో రెండు కాసులు వేసింది కదా, ఉన్నదంతా ఇచ్చింది కదా అని ఎవరైనా అనొచ్చు. ఆ మాటకి ముందున్న వాక్యం కూడా వాళ్ళని చదవమనండి. విధవరాళ్ళ ఇళ్ళు దిగమింగే శాస్త్రుల్ని, అంటే ధర్మశాస్త్రం బోధించేవాళ్ళని, యేసు తిట్టిన వెంటనే మార్కు ఆమె సంగతి రాశాడు. యేసు ఆమెని ఇవ్వమని అడగలేదు, పేరు పిలవలేదు, ఎంత వేస్తావని చెయ్యెత్తించలేదు. కానుకపెట్టె ఎదురుగా కూర్చుని చూశాడు, ఆమె మనసుని గౌరవించాడు.

ఇంకో సంగతి మీరు రాయలేదు కానీ ఇలాంటి కూటాల్లో తప్పకుండా విని ఉంటారు: ఇస్తే నూరంతలు వస్తుంది, విత్తనం వేస్తే పంట వస్తుంది అని. నూరంతలు అన్న మాట మార్కు 10లో ఉంది, ఇల్లూ వాకిలీ వదిలి యేసు వెంట వెళ్ళినవాళ్ళ గురించి. అక్కడే "హింసలతో పాటు" అని కూడా ఉంది. మన ఒంగోలు చరిత్ర తెలిసినవాళ్ళకి ఈ బేరం ఇంకా బాధ కలిగిస్తుంది. 1876-78 కరువులో ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్తిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేల మందికి కూలి పని ఇప్పించారు. ఆ రోజుల్లో బాప్తిస్మం కావాలని ఎంతమంది అడిగినా ఆయన ఇవ్వలేదు. కూటి కోసం ఎవరూ క్రీస్తు దగ్గరికి రాకూడదని ఆయన పట్టుదల. సహాయం పంచడం ముగిశాకే ఇచ్చారు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నది అలా ఆగినవాళ్ళలో నుంచే. ఆకలితో చచ్చిపోతున్న రోజుల్లో కూడా డబ్బునీ భక్తినీ కలపకుండా కాపాడిన సంఘాల పిల్లలం మనం. ఈ రోజు దేవుడితో వడ్డీ వ్యాపారం చేయమని మనకి ఎవరైనా నేర్పితే ఒప్పుకోకూడదు.

అయితే అమ్మా, ఇవ్వడం పూర్తిగా మానేయమని నేను చెప్పడం లేదు. మీరు ఇవ్వడంలో సంతోషం తెలిసిన మనిషి. పెళ్ళికి ముందు నుంచీ ఇస్తున్నారంటేనే అది తెలుస్తోంది. ఆ సంతోషాన్ని అప్పు తినేయకూడదు, భయం అసలే తినేయకూడదు. మన పల్లె సంఘాల్లో ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి విడిగా పెట్టేవాళ్ళు. వారం చివర ఆ బియ్యం గుడికి వెళ్ళేది. మిజోరం సంఘాల్లో 1910లో మొదలైన ఈ పిడికెడు బియ్యం అలవాటు ఇప్పటికీ నడుస్తోంది. ఆ బియ్యం అమ్మిన డబ్బుతో వాళ్ళు ఎంతో సేవ జరిపించుకుంటున్నారు. దోర్నకల్‌లో బిషప్ అజరయ్య గారి రోజుల్లో సంఘస్థులు ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. కోత పండక్కి ధాన్యం, కోళ్ళు, గుడ్లు, కూరగాయలు, ఎవరికి ఏది ఉంటే అది తెచ్చేవాళ్ళు. అజరయ్య గారు 1909లో ఆ ప్రాంతానికి వచ్చిందే తిరునెల్వేలి క్రైస్తవులు తమ కానుకలతో పంపిన మిషనరీగా. బీదవాడికి కూడా ఇచ్చే గౌరవం ఉందని ఆయన నమ్మారు. నేనూ నమ్ముతాను. అందుకే మీకు ఇచ్చే హక్కు పోకూడదంటున్నాను. నెలకి రెండు వందలు అనుకోండి, మూడు వందలు అనుకోండి, ఎంతైనా సరే. అది మీరిద్దరూ కలిసి అనుకున్నదై ఉండాలి. అప్పు తీరాక పెంచుకోవచ్చు.

"మీరిద్దరూ కలిసి" అని కావాలనే అన్నాను. ఈ విషయంలో మీ వైపు నుంచి ఒక తప్పు జరిగింది. ఆపానని చెప్పి ఇచ్చారు. జీతం మీదే, మీకు ఆ డబ్బు మీద హక్కుంది. కానీ అప్పు ఇద్దరి పేరునా ఉంది, బరువు ఇద్దరూ మోస్తున్నారు. రాత్రి పన్నెండింటికి ఎయిర్‌పోర్టు ట్రిప్పు కొట్టి వచ్చిన మనిషికి, ఇంట్లో డబ్బు ఎటు పోతోందో తెలియలేదంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆయన కోపం దేవుడి మీద కాదని నా నమ్మకం. ఆయన ఇవ్వొద్దు అనలేదు, కొన్నాళ్ళు ఆపు అన్నారు. ఆ 'కొన్నాళ్ళు' అన్న మాటని మీరు పట్టుకోవాల్సింది. గొడవ సద్దుమణిగిన ఒక రోజు చూసుకుని, దాచినందుకు క్షమించమని అడగండి. యాభై వేల సంగతి కూడా ఆయనకి ఇంకా పూర్తిగా చెప్పకపోతే అప్పుడే చెప్పేయండి. పై లెక్క ఆయన ముందు పెట్టండి. నెలకి ఎంత ఇద్దామో ఆయన్నే అనమనండి. ఆయన వంద అంటే వందే, ఆనందంగా ఒప్పుకోండి.

తరువాత ఇద్దరూ కలిసి పాస్టరు గారి దగ్గరికి వెళ్ళండి. ఆదివారం ఆరాధన అయ్యాక జనంలో కాదు, మామూలు రోజు సాయంత్రం, ముందుగా ఫోను చేసి. మీరు ఒక్కరే వెళ్ళొద్దు. మాటలు మీకు నేనే రాసిస్తాను: "అయ్యగారూ, కూటాల్లో నేను ఆవేశంలో మాట ఇచ్చాను. మా ఇంటి పరిస్థితి ఇది. లేవీయకాండం 27:8 ప్రకారం మా కలిమి చూసి మీరే తగ్గించి, ప్రార్థన చేసి మమ్మల్ని విడిపించండి. మేము ఇవ్వగలిగింది ఇంత. మా పేరు ఆదివారం చదవొద్దని బతిమాలుకుంటున్నాం." ఇంతకంటే ఎక్కువ వాదించొద్దు.

ఆయన గురించి కూడా ఒక మాట చెప్పాలి. చాలామంది పాస్టర్లకి నెల జీతం ఉండదు, కానుకలే ఆధారం. వాళ్ళకీ పిల్లల ఫీజులుంటాయి, స్లాబు సగంలో ఆగిపోయి మేస్త్రీ ఇంటి చుట్టూ తిరుగుతుంటే వాళ్ళకీ టెన్షనే. సువార్త ప్రకటించేవాడు సువార్త వల్ల బతకాలని ప్రభువే నియమించాడు. కాబట్టి ఆయన్ని శత్రువుగా చూడకండి. చాలామంది పాస్టర్లు ఎదురుగా కూర్చుని ఒక కుటుంబం కష్టం విన్నాక మెత్తబడతారు. అలా కాకుండా ఆయన మళ్ళీ శాపం మాట ఎత్తితే, పేరు చదవడం ఆపకపోతే, సంఘ పెద్దలకి చెప్పండి. పెద్దలూ వినకపోతే మీ ఆత్మకి మేత దొరికే ఇంకో సంఘం వెతుక్కోవడంలో పాపం లేదు.

పేర్లు చదవడం గురించి నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. ఇచ్చినవాడి పేరు చదవడమే తప్పు, ఇవ్వనివాడి పేరు చదవడం ఇంకా పెద్ద తప్పు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు, మైకులో తెలియజేయమంటాడా? సంఘంలో కోశాధికారిగా చాలా ఏళ్ళు పనిచేసినవాణ్ణి. వేదిక మీద నుంచి చదవాల్సింది సంఘం లెక్కలు: ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది, ఎంత మిగిలింది. ఎజ్రా 8వ అధ్యాయం నాకు ఎంతో ఇష్టం. వెండీ బంగారమూ యెరూషలేముకి పంపే ముందు తూచి పన్నెండు మంది యాజకుల చేతికి ఇచ్చారు. అక్కడికి చేరాక నాలుగో రోజున మళ్ళీ తూచి, ఆ తూకమంతా రాసి పెట్టారు. ఎజ్రాని మించిన భక్తుడా ఎవరైనా? పౌలు కూడా చందా ఒక్కడే మోసుకుపోలేదు. సంఘాలు ఎంచుకున్న మనుషుల్ని వెంట పెట్టుకున్నాడు, తన మీద ఎవరూ నింద వేయకూడదని. మందిరం కట్టే డబ్బుకి రసీదు, బ్యాంకు ఖాతా, ఏడాదికోసారి లెక్క అడగడం అవిశ్వాసం కాదు. మీ పరిస్థితిలో మీరు అడగనక్కర్లేదు, మీ ఆయన లాంటి మగవాళ్ళు నలుగురు కలిసి మర్యాదగా అడగొచ్చు.

చివరగా, మీరు అడగని సంగతి ఒకటి. సంఘం మీకు ఏం చేసింది? ఆపరేషన్ అప్పుడు ఎవరైనా వచ్చి ప్రార్థన చేసి ఉంటారు. అప్పు సంగతి ఎవరికైనా తెలుసా? అపొస్తలుల కార్యాలు 4లో పొలాలు అమ్మి తెచ్చి పెట్టింది భవనం కోసం కాదు. ఎవరికి ఏది అవసరమో చూసి పంచిపెట్టడానికి, వాళ్ళలో కొదువ ఉన్నవాడు ఒక్కడూ లేకుండా పోవడానికి. మీ స్త్రీల సమాజంలో నమ్మదగిన ఒక పెద్దావిడని చూసుకుని మావయ్య గారి మందుల సంగతి చెప్పండి. ప్రతి నెలా కాకపోయినా రెండు నెలలకోసారి ఒక స్ట్రిప్పు కొనిపెట్టే కుటుంబం మీ సంఘంలో ఉండి ఉంటుంది, వాళ్ళకి తెలియకే చేయలేదు. మీరు పని చేసే ఆసుపత్రిలో స్టాఫ్ కుటుంబాలకి మందుల్లో తగ్గింపు ఉందేమో, అవే మందులు జన ఔషధి కేంద్రంలో ఎంత తక్కువకి దొరుకుతాయో డాక్టరుని అడిగి చూడండి. ఇన్నేళ్ళు ఇచ్చినవాళ్ళు ఇప్పుడు తీసుకోవాల్సి వస్తే సిగ్గుపడకండి. మీ కొదువకి ఈ రోజు వాళ్ళ సమృద్ధి, రేపు వాళ్ళ కొదువకి మీ సమృద్ధి అని పౌలు కొరింథువాళ్ళకి రాసింది మీ ఇంటికి కూడా వర్తిస్తుంది.